బీజింగ్ వెళ్తున్నారా? గది వాసన చూశాకే పెట్టె దించండి

ఒలింపిక్స్ స్టేడియాలు చూడ్డానికి బీజింగ్ వెళ్ళేవాళ్ళు గది విషయంలో కాస్త పట్టుగా ఉండాలి. 2008 ఆటల ముందు, మే 1న వచ్చిన ధూమపాన నిషేధం హోటళ్ళను చాలావరకు వదిలేసింది. పొగ తాగనివాళ్ళకు కొన్ని గదులు విడిగా పెడితే సరిపోయేది. కాల్చినవాళ్ళకు జరిమానా 10 యువాన్లే. ఆ డబ్బుకి ఎవరు భయపడతారు? 2015 జూన్ 1 నుంచి పైకప్పున్న బహిరంగ ప్రదేశాలన్నిటికీ నిషేధం వచ్చింది, జరిమానా 200 యువాన్ల దాకా పెరిగింది. దాంతో రెస్టారెంట్లు బాగుపడ్డాయి. చవక హోటళ్ళను మాత్రం ఇప్పటికీ గుడ్డిగా నమ్మకూడదు.

కౌంటర్లో "వూ యెన్ ఫాంగ్" అనండి, పొగ లేని గది అని అర్థం. లోపలికి వెళ్ళగానే కర్టెన్ మడత ముక్కు దగ్గర పెట్టుకోండి. బాత్రూంలో పేపర్ స్టాండు అంచున గోధుమరంగు కాలిన మచ్చలుంటే వెంటనే గది మార్చమనండి. గది శుభ్రంగానే ఉండి రాత్రిపూట పొగ వాసన వస్తే, తరచూ బాత్రూం నేలమీది జాలీయే కారణం. దాని కింద పైపు వంపులో నిలిచే నీళ్ళు ఎండిపోతే వేరే గదుల గాలి పైపులోంచి పైకి వస్తుంది. ఒక మగ్గు నీళ్ళు పోస్తే ఆగుతుంది.

రైళ్ళలో నంబరు ముందు జి, డి అక్షరాలుండే హైస్పీడ్ రైళ్ళే మేలు. వాటిలో సిగరెట్ వెలిగిస్తే అలారం మోగి రైలే నెమ్మదిస్తుంది. పాత రకం రైళ్ళలో బోగీ చివర తలుపుల దగ్గర కాల్చేవాళ్ళుంటారు, బెర్తు బోగీ మధ్యలో తీసుకోండి.

ఇక బయటి గాలి. 2008లో జులై 20 నుంచి సెప్టెంబర్ 20 దాకా సరి-బేసి నంబర్ల పద్ధతిలో కార్లు నడిపారు, ఫ్యాక్టరీలు ఆపారు. అయినా మొదటి రోజుల్లో మసకే. వాన, గాలి తోడయ్యాకే ఆకాశం తేటపడింది. ఆంక్షలు ఎత్తేశాక కాలుష్యం మళ్ళీ పెరిగింది. నిలిచిన మార్పు తర్వాతి ఏళ్ళ పనివల్ల వచ్చింది: 2021లో పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి) వార్షిక సగటు ఘనపు మీటరుకు 33 మైక్రోగ్రాములు, అప్పటి చైనా పరిమితి 35. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 అని మరిచిపోవద్దు.

ఫోన్లో ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, చూసేటప్పుడు అది ఎవరి కొలతో గమనించండి. పీఎం 2.5 అరవై ఉంటే 2021 నాటి చైనా లెక్కలో సుమారు 80, "బాగుంది" అనేది. అమెరికా లెక్కలో 150 దాటి "అనారోగ్యకరం". ఆస్తమా ఉన్నవాళ్ళు రెండోదాన్నే పట్టుకోవాలి. మసకను తరిమే ఉత్తరపు గాలి వీచిన మర్నాడు ఒలింపిక్స్ ప్రధాన స్టేడియం బర్డ్స్ నెస్ట్ పెట్టుకోండి. మసకను తెచ్చే దక్షిణపు గాలి ఉన్న రోజు మ్యూజియంలు చూడండి, బయటికెళ్తే ఎన్95 తప్పదు. సర్జికల్ మాస్కు పక్కలనుంచి గాలి దూరుతుంది.