మాల్వేర్‌బైట్స్ ఫ్రీ, డిఫెండర్, ఒక మేనల్లుడు: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

మా కంప్యూటర్‌కి మొదటి వైరస్ ఇంటర్నెట్ నుంచి రాలేదు. వీధి చివర జిరాక్స్ షాపు నుంచి వచ్చింది.

మాది గుంటూరు. హైస్కూల్లో సోషల్ చెప్తాను. 2016 దసరాకి కొన్న డెస్క్‌టాప్ అది. ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. నా ప్రశ్నపత్రాలు, మావాడి ప్రాజెక్టులు, మా ఆవిడ చూసే సీరియళ్లు, ఫోన్లోంచి దింపుకున్న ఫొటోలు. అంతకు మించి దాంతో మాకు పనిలేదు. అయినా దానికి నాలుగుసార్లు జబ్బు చేసింది. నాలుగుసార్లూ వైద్యం వేరు. ఏది ఎక్కడ పనికొచ్చింది, ఏది ఎక్కడ చేతులెత్తేసింది అన్నది రాసి పెడదామని కూర్చున్నాను.

2017లో హాఫ్ ఇయర్లీ పేపర్లు ప్రింట్ తీయించి ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్ పెడితే లోపల ఫోల్డర్లు లేవు. ఒకే ఒక్క షార్ట్‌కట్ బొమ్మ ఉంది. చూస్తే 3 జీబీ వాడినట్టు చూపిస్తోంది, కళ్లకేమో ఏమీ కనపడదు. ఆ బొమ్మ మీద నొక్కితే ఫైళ్లన్నీ మామూలుగానే తెరుచుకున్నాయి. అసలు మోసం అక్కడే ఉంది. ఫైళ్లు తెరుచుకుంటున్నాయి కదా అని మనం ఊరుకుంటాం, వెనక ఒక చిన్న స్క్రిప్ట్ నడిచి కంప్యూటర్‌లోకి చేరిపోతుంది. ఆ తర్వాత ఏ పెన్‌డ్రైవ్ పెట్టినా అదే కథ.

కంప్యూటర్ షాపుకి మోసుకెళ్లాను. కుర్రాడు స్క్రీన్ వంక సరిగ్గా చూడను కూడా చూడలేదు. "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అన్నాడు. 400 తీసుకున్నాడు, సాయంత్రానికి ఇచ్చాడు. రెండో రోజు నేను అదే పెన్‌డ్రైవ్ పెట్టాను, రోగం మళ్లీ వచ్చింది. రోగం పెన్‌డ్రైవ్‌లో ఉంటే కంప్యూటర్‌ని కడిగి ఏం లాభం? పైగా ఫార్మాట్ చేసి ఎక్కించిన ఆఫీస్ దొంగ కాపీ. దాన్ని అసలుదానిలా నడిపించడానికి యాక్టివేటర్ అనే దొంగ ప్రోగ్రాం కూడా పెట్టాడని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

అప్పుడు ఫోన్ చేసింది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మా అక్క కొడుక్కి. వాడు ముందు అడిగింది, "మావయ్యా, ఇది ఎప్పట్నుంచి? దానికి ముందు ఏం పెట్టావ్?" షాపులో ఎవరూ అడగని ప్రశ్న. కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీ తెరిపించి ఆట్రిబ్ అనే కమాండ్ ఒకటి అక్షరం అక్షరం చెప్పి టైపు చేయించాడు. ఎంటర్ కొట్టాక నా ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటే పైకి తేలాయి. అవి ఎక్కడికీ పోలేదట, దాచేశారంతే. షార్ట్‌కట్‌నీ స్క్రిప్ట్‌నీ విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ పట్టుకుంది. ఆ రోజే వైరస్‌లు వెతికి తీసే మాల్వేర్‌బైట్స్ అనే ప్రోగ్రాం కూడా దింపించాడు.

ఇక దాని సంగతి. ఉచిత వెర్షన్ కాపలా కాయదు. మనం పిలిచినప్పుడు వచ్చి వెతికి, దొరికినవాటిని క్వారంటైన్‌లో, అంటే విడిగా బంధించి పెట్టి వెళ్లిపోతుంది. ఎప్పుడూ వాకిట్లో కూర్చునేది కావాలంటే డబ్బు కట్టాలి. కొత్తగా వేసుకున్నప్పుడు 14 రోజుల ట్రయల్ వస్తుంది, ఆ రోజుల్లో మా డిఫెండర్ పక్కకు తప్పుకుని కూర్చుంది. ట్రయల్ అయ్యాక డిఫెండర్ మళ్లీ పనిలోకి వచ్చిందో లేదో ఒకసారి చూసుకోవాలి. నేను చూసుకుంటాను. మామూలు స్కాన్ మా పాత హార్డ్ డిస్క్ మీద పావుగంట తీసుకుంటుంది. అదే డిఫెండర్‌తో ఫుల్ స్కాన్ పెడితే టిఫిన్ టైముకి మొదలెట్టి మధ్యాహ్నం భోజనం దాకా చూడాలి. ఒక లోటు మాత్రం గుర్తుంచుకోండి. ఆ మామూలు స్కాన్ మెమరీ, స్టార్టప్, రిజిస్ట్రీ లాంటి చోట్ల చూస్తుంది గానీ పెన్‌డ్రైవ్ జోలికి పోదు. దానికి కస్టమ్ స్కాన్ విడిగా పెట్టాలి. స్క్రిప్ట్ రకం ఫైళ్ల మీద కూడా దాని చూపు తక్కువ. అందుకే పెన్‌డ్రైవ్ రోగాలకి నేను డిఫెండర్‌నే నమ్ముతాను.

రెండోసారి 2018లో. బ్రౌజర్ తెరిస్తే గూగుల్ బదులు ఏదో ఊరూపేరూ లేని సెర్చ్ పేజీ. మార్చితే మళ్లీ అదే. మావాడు ఆటలేవో దించుకున్నప్పుడు వెంట వచ్చిన సరుకు. దీనికి యాడ్‌డబ్ల్యూ క్లీనర్ వాడాం. అది కూడా మాల్వేర్‌బైట్స్ వాళ్లదే, 2016లో కొనుక్కున్నారు. ఇన్‌స్టాల్ చేసే పనే లేదు, ఒక చిన్న ఫైలు. నడిపితే రెండు మూడు నిమిషాల్లో చిట్టా ఇచ్చింది, ఒకసారి రీస్టార్ట్ అడిగింది, అయిపోయింది. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు. బాగుంది.

మూడోది 2020 లాక్‌డౌన్‌లో. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

ఆన్‌లైన్ క్లాసులు. నోట్సు పీడీఎఫ్‌లలో తప్పులు దిద్దడానికి ఒక ఎడిటర్ కావాలి. కొనే బుద్ధి పుట్టలేదు. డబ్బు కట్టకుండా నడిపించే దొంగ కాపీ, అదే క్రాక్, వెతికాను. దిగిన ఫైలుకి పాస్‌వర్డ్, దాంతోపాటు ఒక సూచన: ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపండి. ఆపాను. నా చేత్తో నేనే ఆపాను. పిల్లలకి రోజూ చరిత్రలో పొరపాట్ల గురించి పాఠాలు చెప్పే మనిషిని.

స్క్రీన్ మీద విండోస్ అప్‌డేట్ లాంటిది ఒకటి నడవడం మొదలైంది. నిజం అప్‌డేటే అనుకుని కాఫీకి లేచాను. తిరిగొచ్చేసరికి ఫొటోల ఫోల్డర్‌లో బొమ్మలన్నీ తెల్లకాగితాల్లా మారిపోయి ఉన్నాయి. ప్రతి ఫైలు పేరు చివరా నాలుగక్షరాల తోక. ప్రతి ఫోల్డర్‌లోనూ రీడ్‌మీ అని ఒక చీటీ. 980 డాలర్లు కట్టు, 72 గంటల్లో మాట్లాడితే 490కే ఇస్తాం అని. అప్పటి లెక్కలో సగం ధరే దాదాపు 37 వేలు.

మేనల్లుడికి ఫోన్ చేశాను. గొంతు విని వాడే ముందు మాట్లాడాడు.

"మావయ్యా, రూటర్ స్విచ్ ఆపెయ్. బయట హార్డ్ డిస్క్ ఏదైనా తగిలించి ఉంటే పీకెయ్. తర్వాత మాట్లాడదాం."

"ఆపానురా."

"ఇప్పుడు చెప్పు, ఏం దించావ్? తిట్టను గానీ నిజం చెప్పు."

చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "సరేలే" అన్నాడు.

చీటీలో ఉన్న మాటలు చదివించుకుని అది స్టాప్ డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్ అని వాడే తేల్చాడు. క్రాకులు, దొంగ లైసెన్స్ కీలు తయారుచేసే కీజెన్‌ల వెంటే ఎక్కువగా వచ్చే రకమట. తర్వాత రూటర్ వేసి, విండోస్ అవసరమైనవాటితోనే నడిచే సేఫ్ మోడ్‌లో నెట్‌వర్క్ ఉంచి తెరిచాం. మాల్వేర్‌బైట్స్ పాతబడింది, కొత్తది దించుదామంటే ఆ సైటు తెరుచుకోదు. మిగతా సైట్లన్నీ వస్తున్నాయి. విండోస్ లోపల హోస్ట్స్ అనే ఒక చిన్న ఫైలు ఉంటుంది, దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిపించాడు. వైరస్ తీసే సైట్ల పేర్లన్నీ అందులో వరసగా రాసి పెట్టి ఉన్నాయి, వాటికి దారి మూసేస్తూ. డాక్టరు ఇంటికి వెళ్లే సందుకి అడ్డంగా గోడ కట్టినట్టు. ఆ వరసలు చెరిపి సేవ్ చేశాకే సైటు వచ్చింది.

మాల్వేర్‌బైట్స్ వైరస్‌ని తీసేసింది. దాని మీద డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ కూడా పెట్టాం. అది విండోస్ తెరుచుకోకముందే నడుస్తుంది, పావుగంట పట్టింది. కంప్యూటర్ శుభ్రం. కానీ ఫైళ్లు అలాగే ఉన్నాయి. చాలామందికి తెలియంది ఇదే, నాకూ తెలియదు. దొంగని తరిమినంత మాత్రాన వాడు వేసిన తాళం ఊడదు.

తాళం తీసే ప్రయత్నం వేరే. యూరోపోల్, డచ్ పోలీసులు కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ సైటులో చాలా రకాల రాన్సమ్‌వేర్‌లకి తాళంచెవులు ఉచితంగా ఉంటాయి. మాకు వచ్చిన రకానికి ఎమ్సీసాఫ్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ వాళ్లు 2019లో ఒక డిక్రిప్టర్, అంటే తాళం తీసే టూల్ తెచ్చారు. అయితే అది అందరికీ పనిచేయదు. వైరస్ ఫైళ్లకి తాళం వేసేటప్పుడు దొంగల సర్వర్‌తో మాట్లాడలేకపోతే తన దగ్గరున్న ఆఫ్‌లైన్ తాళమే వాడుతుంది. అది దొరికితే మనకు ఆశ ఉంటుంది. మాట్లాడగలిగితే మన ఒక్కరికే కొత్త తాళం. చీటీ అడుగున ఉన్న ఐడీ చివర టీ1 అని ఉంటే ఆఫ్‌లైన్. నాది అలా లేదు. డిక్రిప్టర్ కూడా అదే చెప్పింది, ఆన్‌లైన్ ఐడీ, కుదరదు అని. ఇంట్లో ఇంటర్నెట్ స్పీడ్ బాగుందని మురిసిపోయిన రోజులు గుర్తొచ్చాయి.

డబ్బు కట్టలేదు. మా ఆవిడ ఒక దశలో "కట్టేద్దామా అండీ" అంది. కట్టాక తాళంచెవి ఇస్తారని ఎవరు పూచీ?

తర్వాత రెండు రోజులకి మేనల్లుడు ఇంకో విషయం తవ్వి తెచ్చాడు. ఈ వైరస్ తొందరలో ప్రతి ఫైలుకీ మొదటి 150 కేబీ మాత్రమే తాళం వేస్తుందట. అంటే పెద్ద వీడియోల్లో మొహం పోయినా ఒళ్లంతా బాగానే ఉంటుంది. అదే ఫోన్‌తో తీసిన మంచి వీడియో ఒకటి నమూనాగా ఇస్తే ఆ మొహాన్ని మళ్లీ అతికించే చిన్న టూల్ ఉచితంగా దొరికింది. మా చెల్లెలి గృహప్రవేశం వీడియోలు 40లో 31 తిరిగొచ్చాయి. మొదటిది తెరుచుకున్నప్పుడు పాలు పొంగుతున్నాయి, వెనక మా అమ్మ గొంతు, "పిల్లాణ్ని పొయ్యి దగ్గర్నుంచి తియ్యండి" అంటూ. అమ్మ 2019లో పోయింది.

ఫొటోలు చాలావరకు పోయాయి. ఫోన్లో, వాట్సాప్‌లో మిగిలినవే మిగిలాయి. ప్రశ్నపత్రాల సంగతి మరీ అన్యాయం. వర్డ్ ఫైళ్లు చిన్నవి, 150 కేబీ కూడా ఉండవు, కాబట్టి తల నుంచి కాలి దాకా తాళమే. పాస్‌వర్డ్‌లు కొట్టేసే ఇంకో వైరస్ కూడా తరచూ దీని వెంట దిగుతుందని మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లన్నీ ఫోన్ నుంచి మార్పించాడు. ఆ కంప్యూటర్ నుంచి మార్చొద్దని మరీమరీ చెప్పాడు. చివరికి విండోస్ కొత్తగా ఎక్కించుకున్నాం. ఈసారి ఫార్మాట్ అవసరమే. అది షాపు కుర్రాడు చేసే ఫార్మాట్ కాదు, ఏం పోయిందో తెలిసి చేసింది.

ఆ దెబ్బకి భయపడి ఒక ఏడాది డబ్బు కట్టి యాంటీవైరస్ కూడా వాడాను. పేరు ఎందుకులే. 4 జీబీ ర్యామ్ మీద అది కూర్చుంటే వర్డ్ తెరుచుకోవడానికి కూడా ఆలోచించేది. రోజుకోసారి అది కొను ఇది కొను అని కిటికీలు. గడువు అయ్యాక తీసేశాను, డిఫెండర్ చాలు.

నాలుగోది అసలు వైరస్సే కాదు. 2023లో స్క్రీన్ కుడివైపు కింద "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి" అని ఎర్ర కిటికీలు రావడం మొదలైంది. టెన్షన్‌తో స్కాన్ మీద స్కాన్. మాల్వేర్‌బైట్స్ ఏమీ లేదంటుంది, కిటికీ ఉందంటుంది. ఎవర్ని నమ్మాలి? చూస్తే, సీరియల్ కోసం ఏదో సైటు తెరిచినప్పుడు "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అంటే మా ఆవిడ నొక్కింది. అది బ్రౌజర్‌లో నోటిఫికేషన్ అనుమతి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ సైటు పేరు తీసేస్తే అర నిమిషంలో నిశ్శబ్దం. ఇక్కడ ఏ టూలూ అక్కర్లేదు.

మా ఎదురింటి మాస్టారికి మాత్రం ఇలాంటి కిటికీలోనే ఒక ఫోన్ నంబరు కనపడింది. ఆయన చేశారు. అవతలివాడు కంప్యూటర్‌ని దూరం నుంచి చూసే యాప్ ఒకటి వేయించి, సర్వీస్ ఫీజు పేరుతో 18 వేలు లాగేశాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చారు. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదని ఆయనకి తర్వాత నేను చెప్పాను. అప్పటికే ఆయన నాకన్నా బాగా నేర్చుకున్నారు.

ఇంకో ఉచిత సాయం కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వం 2017లో తెరిచిన సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో మన దేశపు కంపెనీలు చేసిన బాట్ (మన కంప్యూటర్‌ని దూరం నుంచి వాడుకునే వైరస్) తీసే టూల్స్ ఉంటాయి. మిగతావన్నీ శుభ్రం అన్నాక మరో అభిప్రాయం కోసం వాడుకోవచ్చు. నేను ఒకసారి వాడాను, ఏమీ దొరకలేదు.

ఇప్పుడు పరిస్థితి. మా ప్రాసెసర్ పాతది కాబట్టి విండోస్ 11 ఎక్కదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఏడాది పొడిగింపు ఇచ్చే స్కీములో చేరాను, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు అడగలేదు. అది అయ్యేలోపు కొత్తది కొనాలి. ఫొటోలు, ప్రశ్నపత్రాలు ఒక బయటి హార్డ్ డిస్క్‌లో ఎక్కించి, వైరు తీసేసి బీరువాలో పట్టుచీరల కింద పెట్టాం. ప్రింట్లకి పెన్‌డ్రైవ్ ఇవ్వను, ఫైలు వాట్సాప్‌లో పంపిస్తాను.

నెలకో ఆదివారం మాల్వేర్‌బైట్స్ నడుపుతాను. పోయిన నెల మూడు దొరికాయి, అన్నీ అక్కర్లేని ప్రోగ్రాముల రకమే, ఏదో పీడీఎఫ్ కన్వర్టర్‌తో వచ్చినవి. మావాణ్ని పిలిచి అడిగాను. "నేను కాదు నాన్నా" అన్నాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో తేదీ చూస్తే ఆ రోజు వాడు ఊళ్లో లేడు. నేనే.