ఆన్‌లైన్ పార్ట్‌నర్‌షిప్ డీడ్ ప్యాకేజీ: రెండు స్టార్లు, అవీ స్పీడుకే

గుంటూరులో నాకో చిన్న బొటిక్ ఉంది. మా కటింగ్ మాస్టర్ చేతి పని చూసి పక్క షాపు వాళ్లు గాలం వేస్తున్నారని తెలిసి, జీతంతో పాటు లాభంలో 15 శాతం ఇస్తానని ఆయనకు మాటిచ్చాను. అదేదో కాగితం మీద ఉంటే ఇద్దరికీ మంచిదని, ఆన్‌లైన్‌లో అగ్రిమెంట్లు రాసిచ్చే ఒక సర్వీసుకి డబ్బు కట్టాను. పేరు చెప్పను.

ముందు మంచి చెప్పాలి. పాన్, ఆధార్ అప్‌లోడ్ చేసిన మర్నాడే డ్రాఫ్ట్ వచ్చేసింది, తెలుగులోనే మాట్లాడారు, ఆ చార్జీ ఈ చార్జీ అని తర్వాత గుంజలేదు.

కానీ ఫారంలో పేర్లు, శాతాలు తప్ప ఇంకేమీ అడగరు. పెట్టుబడి ఎవరిది, నష్టమొస్తే ఎవరు భరిస్తారు, బ్యాంకు చెక్కు మీద సంతకం ఎవరిది, ఇవేవీ పట్టవు, లాభంలో వాటా అని కనపడగానే మాస్టర్‌ని పార్ట్‌నర్ చేసేసి పార్ట్‌నర్‌షిప్ డీడ్, అంటే భాగస్వామ్య ఒప్పంద పత్రం, రాసేశారు. ఫోన్ చేస్తే ఆ అమ్మాయి "లాభంలో షేర్ ఉంటే పార్ట్‌నరే కదా మేడమ్" అంది. కాదమ్మా! 1932 నాటి భాగస్వామ్య చట్టం, సెక్షన్ 6 తీసి చూస్తే, పనిచేసే మనిషికి ప్రతిఫలంగా లాభంలో కొంత ఇచ్చినంత మాత్రాన భాగస్వామి అయిపోడని, ఇద్దరి మధ్యా అసలు ఉన్న సంబంధం ఏంటో అన్ని విషయాలూ కలిపి చూడాలని స్పష్టంగా ఉంది.

ఇక డ్రాఫ్ట్ చదివితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక క్లాజులో ఆయన "భాగస్వామి", ఇంకో క్లాజులో పొద్దున పదింటికల్లా రావాలి, సెలవుకి నా అనుమతి తీసుకోవాలి, పని నచ్చకపోతే నెల నోటీసుతో నేను తీసేయొచ్చు. భాగస్వామి నన్ను సెలవు అడగడమేంటి? కింద నష్టంలోనూ 15 శాతం అని రాశారు. మాస్టర్ ఆ లైను దగ్గర ఆగి, "మేడమ్, హోల్‌సేల్ వాళ్ల బాకీ మీరు కట్టకపోతే నా ఇంటి మీదకి వస్తారా?" అని అడిగారు. రావొచ్చు మరి. సెక్షన్ 25 ప్రకారం ఫర్మ్ అప్పు మొత్తానికీ ప్రతి భాగస్వామీ బాధ్యుడే, మనలో మనం 15 అని రాసుకున్నది అప్పిచ్చినవాడికి అడ్డం కాదు.

"పార్ట్‌నర్ అయితే పీఎఫ్, ఈఎస్ఐ గోల ఉండదు" అని వాళ్ల పేజీలో గొప్పగా పెట్టుకున్నారు కూడా. నిజమైన భాగస్వామి జీతం తీసుకుంటున్నా ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కింద ఉద్యోగి కాడని రామానుజ మ్యాచ్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట వాస్తవమే. పేరుకి పార్ట్‌నర్ అయితే మాత్రం ఆ మాట అక్కరకు రాదు. టైలరింగ్ వాళ్లు తెలుసుకోవాల్సిన కేసు ఇంకోటుంది, సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్, 1973లో తీర్పు, వెళ్లింది మన ఆంధ్రప్రదేశ్ నుంచే. పీస్ రేటు మీద, అంటే బట్టకింత అని తీసుకుని కుట్టేవాళ్లు మా ఉద్యోగులు కారని షాపు వాదన. మిషన్లు షాపువి, కుట్టు నచ్చకపోతే తిప్పికొట్టి మళ్లీ కుట్టమనే హక్కు షాపుది, కాబట్టి ఉద్యోగులేనని సుప్రీంకోర్టు తేల్చింది. మా దగ్గరా మిషన్లు నావే, బ్లౌజు చెయ్యి బిగుతైతే విప్పించేదీ నేనే.

చివరికి ఊళ్లోనే ఒక లాయరు గారు రెండు పేజీల్లో అపాయింట్‌మెంట్ లెటర్ రాసిచ్చారు: జీతం, దానిపైన ఏటా లెక్కలు తేలాక లాభంలో 15 శాతం ఇన్సెంటివ్, నష్టంతో సంబంధం లేదు, వాటా ఎలా వచ్చిందో లెక్క చూపించే పూచీ నాది. మాస్టర్ అక్కడే సంతకం పెట్టేశారు.

ఇద్దరు తోడికోడళ్లు చెరి సగం డబ్బు పెట్టి షాపు తెరుస్తుంటే ఈ ప్యాకేజీ సరిపోతుంది. కాకపోతే ఫర్మ్ రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోండి, లేకపోతే రేపు కాంట్రాక్టు బాకీ ఎగ్గొట్టినవాడి మీద ఫర్మ్ పేరుతో దావా వేయలేరు. పనిచేసే మనిషికి వాటా ఇవ్వాలనుకునేవాళ్లు మాత్రం దీని జోలికి పోకండి. రిఫండ్ అడిగాను, డ్రాఫ్ట్ ఇచ్చేశాం కాబట్టి రాదన్నారు.