సెల్మాలో ఒక రాత్రి ఉండండి

నల్లజాతివాళ్ల పౌరహక్కుల పోరాటం జరిగిన చోట్లు చూడటానికి అట్లాంటా నుంచి అలబామా వెళ్లే మనవాళ్లు చాలామంది సెల్మాలో వంతెన దగ్గర కారాపి, నాలుగు ఫొటోలు తీసుకుని, భోజనానికి మాంట్‌గోమరీ చేరిపోతారు. నేనైతే మిగతా చోట్ల టైమ్ తగ్గించుకునైనా సరే సెల్మాలోనే రాత్రి ఉండమంటాను. ఈసారి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్లాం కాబట్టి మోకాళ్లు, తిండి, బాత్రూములు అన్నీ లెక్కలో పెట్టుకునే రాస్తున్నా.

మొదట బర్మింగ్‌హామ్. చూడాల్సినవన్నీ ఒకే కూడలి చుట్టూ ఉన్నాయి, పెద్దవాళ్లతో వెళ్తే అదొక పెద్ద సుఖం. 16వ వీధి బాప్టిస్ట్ చర్చిలో 1963 సెప్టెంబరు 15న, ఆదివారం ఉదయం, కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా వాళ్లు పెట్టిన బాంబుకు నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి పద్నాలుగేళ్లు, ఒకరికి పదకొండు. ఆఖరి నిందితుడికి శిక్ష పడింది 2002లో. లోపల చూడాలంటే టూర్ ముందే బుక్ చేసుకోండి. వేల్స్ దేశపు ప్రజలు చందాలు వేసుకుని పంపిన రంగుటద్దాల కిటికీ ఉంది, అందులో క్రీస్తు నల్లజాతివాడు.

దగ్గర్లోనే గాస్టన్ మోటెల్. నల్లవాళ్లకు వేరే హోటళ్లలో గది దొరకని రోజుల్లో ఏ.జి. గాస్టన్ అనే నల్లజాతి వ్యాపారి 1954లో కట్టించాడు. 1963 పౌరహక్కుల ఉద్యమానికి మార్టిన్ లూథర్ కింగ్ బృందం వ్యూహాలన్నీ ఇక్కడి 30వ నంబరు గదిలోనే. ఏళ్ల తరబడి పాడుబడి ఉన్న ఈ భవనాన్ని 2017లో జాతీయ స్మారకంలో చేర్చాక నగరపాలక సంస్థ, నేషనల్ పార్క్ సర్వీస్ కలిసి బాగుచేశాయి. మరీ కొత్తగా మెరుస్తోందని నాకు చిన్న అసంతృప్తి. కూలిపోవడం కన్నా నయమే లెండి. పక్కన మ్యూజియంలో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ విడివిడిగా పెట్టిన మంచినీళ్ల కుళాయిల దగ్గర నాన్న ఆగిపోయారు. "మా ఊరి టీ హోటల్లో రెండు గ్లాసులుండేవిరా. వాళ్ల గ్లాసు బయట చూరులో పెట్టేవాళ్లు," అన్నారు. ఈ మాట ఇన్నేళ్లలో ఆయన మా దగ్గర ఎప్పుడూ అనలేదు.

అక్కడి నుంచి సెల్మాకు గంటన్నర పైనే. ఎడ్మండ్ పెటస్ వంతెన మధ్యలో ఎత్తుగా ఉంటుంది. ఆ ఎత్తు ఎక్కేదాకా అవతలి గట్టు కనిపించదు. 1965 మార్చి 7న ఓటు హక్కు కోసం మాంట్‌గోమరీకి నడిచి బయల్దేరిన ఆరు వందల మందికీ పైకి చేరాకే, ఎదురుగా లాఠీలతో నిలబడ్డ పోలీసులు కనిపించారు. కారులో పోతే ఇది అర్థం కాదు, నడవాల్సిందే. ఆ పెటస్ బానిసత్వం పక్షాన పోరాడిన సేనాధిపతి, క్లాన్ నాయకుడని చెబితే అమ్మ, "మరి ఆ పేరు ఇంకా తీయలేదేంటిరా?" అంది. ఆ రోజు ఊరేగింపు ముందు నడిచి పోలీసుల చేత తల పగలగొట్టించుకున్న జాన్ లూయిస్ కూడా పేరు మార్చొద్దనే అన్నారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఊరి పరిస్థితి మాత్రం బాగాలేదు. జనాభా 18 వేల లోపు. సగం దుకాణాలు మూతపడ్డాయి. 2023 జనవరి సుడిగాలి దెబ్బ ఇంకా కనిపిస్తూనే ఉంది. ఊరేగింపులు బయల్దేరిన బ్రౌన్ చాపెల్ అనే చర్చిని చెదలు తినేసి మరమ్మతులకు దించాయి. కింగ్ బస చేసిన జాక్సన్ దంపతుల ఇంటినైతే విప్పి మిషిగన్‌లోని మ్యూజియానికే తరలించారు. అక్కడ భద్రంగా ఉంటుంది, నిజమే. కానీ ఆ వీధిలో ఉన్న ఇల్లు వేరు, వెయ్యి కిలోమీటర్లకు పైగా అవతల టికెట్టు పెట్టి చూపించే ఇల్లు వేరు. ఊళ్లో డబ్బుంటే అది కదిలేదే కాదు. ఒక రాత్రి ఉండమని నేననేది అందుకే.

నది ఒడ్డున వంతెన కనిపించే గది అడిగి తీసుకోండి. మాకు శుభ్రంగానే దొరికింది. తిండే సమస్య. బొబ్బర్లు, ఆకుకూర మెనూలో చూసి శాకాహారమని మోసపోకండి, చాలాచోట్ల పంది మాంసం ముక్క వేసి ఉడికిస్తారు, అడిగి తినండి. రాత్రి పొద్దుపోయాక ఏమీ దొరకదు. రైస్ కుక్కరు, గోంగూర పచ్చడి మమ్మల్ని కాపాడాయి.

మాంట్‌గోమరీకి 80వ నంబరు హైవే మీదే వెళ్లండి, పాదయాత్ర సాగిన 54 మైళ్ల దారి అదే. ఊళ్లో లెగసీ మ్యూజియం, లించింగ్ (మూకలు కొట్టి, ఉరితీసి చంపడం) మృతుల స్మారకం కలిపి ఒకే టికెట్టు, అయిదు డాలర్లు. మధ్యలో ఉచిత బస్సు తిరుగుతుంది. నిర్వహణలో ఈ ట్రిప్ మొత్తానికీ ఇదే మొదటి స్థానం. స్మారకంలో ఎనిమిది వందలకు పైగా ఇనుప దిమ్మెలు, ఒక్కో కౌంటీకి (మన జిల్లా లాంటిది) ఒకటి. మొదట మన కళ్లకు ఎదురుగా ఉంటాయి. నడుస్తున్నకొద్దీ నేల పల్లమై అవి తలపైన వేలాడతాయి. ఏటవాలు దారి కాబట్టి నాన్న మెల్లిగా నడిచారు, ఇబ్బంది పడలేదు. మ్యూజియం లోపల ఫొటోలు తీయనివ్వరు. చిన్నపిల్లలను మాత్రం తీసుకెళ్లొద్దు.

మాంట్‌గోమరీకి సోమ, మంగళవారాలు పెట్టుకోకండి, ఈ రెండూ మూసి ఉంటాయి. అలబామా టైమ్ మన అట్లాంటా కన్నా గంట వెనక, బుకింగుల్లో గుర్తుంచుకోండి. అట్లాంటాలో కింగ్ పుట్టిన ఇల్లు 2023 నవంబరులో మరమ్మతులకు మూశారు, తెరిచారో లేదో వెబ్‌సైట్‌లో చూసుకునే బయల్దేరండి.