బ్రూజ్‌లో లేసు కొనేముందు తిరగేసి చూడండి

బ్రూజ్ బెల్జియంలో ఊరు, బ్రస్సెల్స్ నుంచి రైల్లో గంట. కాలవలు, గంటస్తంభం, చాక్లెట్లు అన్నీ బాగున్నాయి. రాత్రికి 112 యూరోల గది, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అత్తయ్య మోకాళ్లకి ముందే సారీ చెప్పాను. నా ఏడుపు మాత్రం లేసు గురించి.

పెద్ద కూడలి పక్క సందులో ఒక కొట్టు. బల్ల మీద పరిచే లేసు గుడ్డ 65 యూరోలు. "చేత్తో చేసిందేనా?" అంటే కొట్టావిడ తడుముకోకుండా అవునంది. కార్డు గీకేశాను. బయటికొచ్చాక అత్తయ్య దాన్ని తిరగేశారు. ఆవిడది నరసాపురం పక్క పల్లె, చిన్నప్పట్నుంచీ కొక్కెం సూదితో లేసు అల్లిన చెయ్యి. "ఇది మిషను నాడా అమ్మాయ్. వంపులు తిప్పి, మధ్యలో కుట్లేసి అతికారు. చేత్తో చేసిందల్లా ఆ అతుకే." వెనక్కెళ్లి అడిగితే, "అతికింది చేత్తోనే కదా!" అంది. డబ్బులివ్వనంది. మావారు రాత్రిదాకా ఆ 65ని రూపాయల్లోకి మారుస్తూనే ఉన్నారు.

మర్నాడు బాల్‌స్ట్రాట్ వీధిలో కాంట్‌సెంట్రుమ్‌కి వెళ్లాం. ఒకప్పుడు సన్యాసినులు నడిపిన లేసు బడి, ఇప్పుడు మ్యూజియం. మధ్యాహ్నమే వెళ్లండి, పైఅంతస్తులో అల్లేవాళ్లు కూర్చునేది అప్పుడే. గట్టి దిండు, దాని మీద చిల్లులు పొడిచిన అట్ట నమూనా, గుండుసూదులు, దారం చుట్టి వేలాడదీసిన చెక్క కండెలు. చేతిలోకి ఒకసారికి నాలుగే కండెలు. నడిమి రెంటిలో ఎడమది కుడిదాని మీదుగా దాటుతుంది. తర్వాత ప్రతి జంటలో కుడిది ఎడమదాని మీదుగా మెలిపడుతుంది. పువ్వయినా ఆకయినా ఈ రెండు కదలికలే. "జడలల్లినట్టే ఉందే!" అన్నారు అత్తయ్య.

1557లోనే వెనిస్‌లో ఈ కండెల లేసు నమూనాలు పుస్తకంగా అచ్చయ్యాయి. వలెన్‌సియెన్ అనే రకం లేసులో పువ్వూ, దాని వెనక వలా ఒకే దారాలతో ఒకేసారి సాగుతాయి. బ్రూజ్ పూల లేసులో పువ్వులూ ఆకులూ విడివిడిగా చేసి, సన్నటి కొక్కెంతో కలుపుతారు. అంటే అతకడం ఇక్కడా ఉంది, కానీ అతికే ముక్క కూడా చేత్తో చేసిందే. 1809లో ఇంగ్లండ్‌లో హీత్‌కోట్ అనే ఆయన వల అల్లే యంత్రానికి పేటెంటు తీసుకున్నాక, పోనుపోనూ చేతిదేదో మిషనుదేదో చూసేవాళ్లకి తెలియడం కష్టమైంది.

ఆ కొక్కెం కనబడగానే అత్తయ్య మొహం వెలిగిపోయింది. సంచీలోంచి సగం అల్లిన తన పని తీసి, అక్కడ లేసు అల్లుతున్న ఒక పెద్దావిడ ఒళ్లో పెట్టారు. ఒకరి మాట ఒకరికి రాదు. ఇద్దరూ కళ్లజోళ్లు సర్దుకుని, చెరో చివర పట్టుకుని కుట్లు లెక్కపెడుతున్నారు. మావారు కింద రెండో కాఫీకి మరో 3.80 ఇచ్చి, ఎప్పుడొస్తారని ఫోన్ చేశారు. ఎవరం ఎత్తలేదు.