అటికమామిడా, గలిజేరా: ఏది మేలు?

"నాన్నకు క్రియాటినిన్ 2 దాటింది. గలిజేరు ఆకు మరిగించి తాగిస్తే తగ్గుతుందంటున్నారు. తెల్లదా, ఎర్రదా? అటికమామిడి అన్నా ఇదేనా?" వానలు మొదలయ్యాయంటే ఈ ప్రశ్నలు వరసపెట్టి వస్తాయి. క్రియాటినిన్ అంటే కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో అది పెరిగిందంటే కిడ్నీ సరిగా పనిచేయడం లేదన్నమాట. తొలకరి పడగానే ఈ మొక్కలు దారుల పక్కన, చేలగట్ల మీద పచ్చగా పరుచుకుంటాయి కదా. వీడియోల్లో ఒకరు చూపించేది ఒక మొక్క, ఇంకొకరు చూపించేది ఇంకో మొక్క. ఒక ఊళ్లో తెల్ల గలిజేరు అన్నదాన్ని పక్క ఊళ్లో అంబటిమాడు అంటారు. అందుకే పేరు పక్కనపెట్టి పువ్వు చూడమంటాను.

రెండూ నేల మీద పాకేవే. రెండింటికీ కణుపు దగ్గర ఎదురెదురుగా ఉండే ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆకును చూసి చాలామంది పొరపడేది ఇక్కడే. అటికమామిడి పూలు సన్నటి పొడుగు కాడల చివర, ఆవగింజ కంటే కాస్త పెద్దగా, ముదురు గులాబి రంగులో గుత్తులుగా ఉంటాయి. కాయలకు జిగురుంటుంది. గట్టు మీద నడిచొస్తే పంచె అంచుకో, చీర కుచ్చిళ్లకో అంటుకుని ఇంటిదాకా వచ్చేస్తాయి. వేరు లావుగా, లోతుగా దిగుతుంది. ఎండలకు పైమొక్క మాడిపోయినా వేరు బతికుండి వానకు మళ్లీ చిగురేస్తుంది. గలిజేరు అలా కాదు, దాని బతుకు ఆ ఏడాదికే. ఆకులు, కాడలు కండగా, నీరు పట్టి ఉంటాయి. పువ్వుకు కాడే ఉండదు. ఆకు తొడిమ మొదట్లో చిన్న సంచిలాంటి చోట దూరి, పొద్దుటిపూట తెల్లగానో లేత గులాబిగానో విచ్చుకుంటుంది. వంగి చూస్తే తప్ప కనిపించదు. వేరుశనగ, పత్తి చేలల్లో కలుపు తీసినవాళ్లకు ఇది బాగా తెలుసు. వీటికి దగ్గరి చుట్టరికం కూడా లేదు. అటికమామిడిది చంద్రకాంత, కాగితపూల కుటుంబం. గలిజేరుది వేరే కుటుంబం.

మందుగా అయితే నా ఓటు అటికమామిడికే. ఆయుర్వేదంలో పునర్నవ పేరుతో ఎక్కువగా వాడేది దీని వేరునే. రక్తహీనతకు, వాపుకు ఇచ్చే పునర్నవా మండూరం చరక సంహితలోనే ఉంది. పునర్నవాది కషాయంలో దీనితోపాటు వేప, చేదుపొట్ల, శొంఠి, కటుకరోహిణి, తిప్పతీగ, మానుపసుపు, కరక్కాయ పడతాయి. అంటే వైద్యుడు మనిషిని చూసి, జబ్బును చూసి, ఇన్నిటితో కలిపి, మోతాదు కట్టి ఇచ్చే మందు అది. గుప్పెడు ఆకు పీకి గిన్నెలో మరిగించడం ఆ వైద్యం కాదు.

తినడానికైతే గలిజేరు. లేత చిగుళ్లు గిల్లి, ఇసుక పోయేదాకా నాలుగైదు నీళ్లలో కడిగి, కందిపప్పులో వేసినా, పెసరపప్పుతో పొడికూర చేసినా కమ్మగా ఉంటుంది. ముదురాకు జోలికి పోవద్దు, విరేచనాలవుతాయి. దీని వేరు ఇంకా ఘాటు. గర్భిణులు వేరును అసలు ముట్టకూడదు. ఆకులో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి కిడ్నీలో రాళ్లున్నవాళ్లు కూర కూడా మానుకోవడమే మంచిది.

అసలు తేల్చాల్సిన విషయం మాత్రం మొక్క కాదు, పొటాషియం. మన రక్తంలో అది లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోళ్ల దాకా ఉండాలి. ఎక్కువైనదాన్ని బయటికి పంపేది కిడ్నీయే. కిడ్నీ దెబ్బతింటే అది లోపలే పేరుకుంటుంది. 6 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, అదీ ముందస్తు సూచన లేకుండా. అటికమామిడిలో పొటాషియం నైట్రేట్, అంటే సురేకారం, దండిగా ఉంటుందని, మూత్రం సాఫీగా రావడానికి అదీ ఒక కారణమని పాత వైద్యగ్రంథాలు ఎప్పుడో రాశాయి. కిడ్నీ బాగున్నవాడికి మేలు చేసే గుణమే కిడ్నీ పాడైనవాడికి కీడు చేస్తుంది. గలిజేరుకైనా ఈ మాట వర్తిస్తుంది.

కిడ్నీ రోగులకు డైటీషియన్లు ఏం చెబుతారు? ఆకుకూరను ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వార్చి పారబోసి, ఆకు మాత్రం కొద్దిగా తినమంటారు. పొటాషియం నీళ్లలోకి దిగిపోతుంది కాబట్టి. కరిగే ఆక్సలేట్లూ అంతే. మరి గలిజేరు కషాయం పేరుతో జరుగుతున్నదేమిటి? ఆకు పారేసి నీళ్లు తాగుతున్నారు! పారబోయాల్సినదాన్నే గ్లాసులో పోసి పరగడుపున పెద్దవాళ్లకు ఇస్తున్నారు. పైగా వాళ్లలో చాలామంది బీపీకి టెల్మిసార్టానో రామిప్రిలో, వాపుకు స్పైరనోలాక్టోనో వాడుతుంటారు. ఇవీ పొటాషియాన్ని పెంచేవే. ఉద్దానంలాంటి చోట, ఇంటింటా కిడ్నీ బాధితులున్న ఊళ్లలో, ఈ సలహా వాట్సాప్‌లో తిరుగుతుంటే నాకు భయమేస్తుంది. మూత్రం ఎక్కువగా వచ్చినంత మాత్రాన కిడ్నీ కోలుకున్నట్టు కాదు.

కాబట్టి క్రియాటినిన్ పెరిగినవాళ్లకు నా జవాబు: రెండూ వద్దు. ఇప్పటికే తాగుతున్నవాళ్లు ఈరోజే ఆపి, పొటాషియం పరీక్ష చేయించుకుని, ఏమేం తాగారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. కిడ్నీ బాగుండి కాళ్లవాపు ఉంటే ముందు ఆ వాపు గుండె వల్లా, కాలేయం వల్లా, థైరాయిడ్ వల్లా అన్నది తేల్చుకుని, ఆ తర్వాతే అటికమామిడి కోసం ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

పొడి ప్యాకెట్లు మాత్రం కొనొద్దు. పొడి చేశాక ఏ పువ్వు మొక్కో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మందులో ఒక చైనా మూలికకు బదులు, దాదాపు అదే పేరున్న ఇంకో మూలిక కలిసి వందమందికి పైగా కిడ్నీలు పాడయ్యాయి. 1993లో ఆ సంగతి వైద్య పత్రికలో అచ్చయింది.

ఇక నిటారుగా పెరిగి, జిగురులేని కాయలు కాసే ఇంకో అటికమామిడి ఉంది. పూలు గుంపుగా పూసే మరో గలిజేరూ ఉంది. వాటికీ పైన చెప్పినదే. పల్లేరు గురించి కూడా అడుగుతున్నారు. దాని పువ్వు పసుపు, కాయకు ముళ్లు, పొరపడే అవకాశమే లేదు. క్రియాటినిన్ పెరిగినవాళ్లు దాన్నీ సొంతంగా తాగొద్దు.