లంచ్ ఫారమా, పథకాల జాబితానా: అమెరికా బడుల్లో పేదరికం లెక్క

ఒక బడిలో పేద పిల్లలు ఎంతమందో చెప్పడానికి అమెరికాలో ఏళ్లుగా వాడుతున్న అంకె, ఉచిత లేదా తగ్గింపు ధర భోజనానికి అర్హులైన పిల్లల శాతం. కుటుంబ ఆదాయం ఫెడరల్ దారిద్ర్యరేఖకు 130 శాతం లోపుంటే భోజనం ఉచితం. 185 శాతం దాకా తగ్గింపు ధర, లంచ్‌కి 40 సెంట్లకు మించకూడదు. అంటే రేఖకు పైనున్న పిల్లలు కూడా ఇందులో కలుస్తారు. దీనికి దరఖాస్తు ఫారం తల్లిదండ్రులు నింపాలి. తోటివాళ్లకు తెలుస్తుందన్న సిగ్గుతో ఆ కాగితం బ్యాగులోనే ఉండిపోతే, ఆ పిల్ల లెక్కలోకి రాదు.

2014 నుంచి దేశమంతటా, అవసరం ఎక్కువున్న బడులు ఫారాలు అడగకుండా అందరికీ ఉచితంగా పెట్టే వీలు వచ్చింది. చాలా మంచి పని. కానీ అలాంటి బడి రిపోర్టులో 100 శాతం అని పడొచ్చు. ఇల్లు కొనేముందు స్కూల్ వివరాలు వెతికే మనవాళ్లు ఆ అంకె చూసి బెదిరిపోకూడదు.

పేద పిల్లల్ని లెక్కపెట్టే రెండో దారిలో, స్నాప్ (తిండి సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వమిచ్చే సాయం) వంటి సహాయ పథకాల జాబితాతో బడి జాబితాను సరిచూస్తారు. ఇల్లు లేని పిల్లలు, ఫోస్టర్ కేర్ (సొంత తల్లిదండ్రుల దగ్గర కాక ప్రభుత్వం వేరేచోట ఉంచిన) పిల్లలు కూడా ఇందులోకి వస్తారు. ఫారం గొడవ లేదు. నా ఓటు దీనికే. అయితే స్నాప్‌కి పత్రాల్లేని వలసదారులు అర్హులు కారు, కాబట్టి వాళ్ల పిల్లలు ఎంత ఇబ్బందిలో ఉన్నా జారిపోవచ్చు. వలస కుటుంబాలు ఎక్కువున్న జిల్లాల్లో దీన్నొక్కదాన్నే నమ్మి నిధులు పంచితే అన్యాయమే.

పాత ఏళ్లతో పోల్చేవాళ్లు, బడి ఏ ఏడాది ఫారాలు మానేసిందో ముందు చూడాలి.