పాత ఉంగరంలో కొత్త వజ్రం: ఇన్నేళ్లు పెట్టుకున్నాక నా అభిప్రాయం

అమ్మ ఉంగరంలోని అమెరికన్ డైమండ్ (వజ్రంలా కనిపించే కృత్రిమ రాయి) గీతలు పడి మసకబారితే, అది తీయించి 30 సెంట్ల (0.30 క్యారెట్ల) అసలు వజ్రం పొదిగించుకున్నాను. 2020 నుంచి అది నా వేలికే ఉంది. వంటింట్లో, ఆఫీసులో, పెళ్లిళ్లలో దాదాపు ఎక్కడా తీయలేదు. ఇలా చేయించుకోవచ్చా అని ఎవరడిగినా చేయించుకోమనే చెప్తాను. కాకపోతే డబ్బంతా రాయికే పెట్టి, దాన్ని పట్టుకునే బంగారం దగ్గర పొదుపు చేయకండి.

మొదట వెళ్లిన షోరూమ్‌లో "పాతది ఇచ్చేసి కొత్తది తీసుకోండి మేడమ్" అన్నారు. అమ్మ ఉంగరం కరిగించడానికి నాకు మనసొప్పలేదు. సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో తెలిసినవాళ్లు చెప్పిన పనాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన భూతద్దం పెట్టి చూసి, "రాయి సంగతి తర్వాతమ్మా, ముందు ఈ ప్రాంగ్స్ చూడండి. బాగా అరిగిపోయాయి, మళ్లీ వంచితే విరుగుతాయి" అన్నారు. ప్రాంగ్స్ అంటే రాయిని పట్టి ఉంచే చిన్న బంగారు కొక్కేలు. ఉంగరం 22 క్యారెట్లది. రాయి కూర్చునే పైభాగం మాత్రం కోసేసి, 18 క్యారెట్ల బంగారంతో కొత్తది చేసి అతికారు. అందులో బంగారం 75 శాతమే, మిగతాది రాగి, వెండి లాంటివి కాబట్టి గట్టిగా ఉంటుంది. పరీక్షగా చూస్తే రంగులో కాస్త తేడా తెలుస్తుంది. నాకైతే అది అభ్యంతరం కాదు.

అతుకు పెట్టడం, సైజు తగ్గించడం అన్నీ అయ్యాకే వజ్రం పొదిగారు. వజ్రం ఎంత గట్టిదైనా మంట నేరుగా తగిలితే పైన తెల్లగా మసక కమ్ముతుంది. అందుకే వేలి సైజు సంగతి ముందే తేల్చుకోండి.

రాయి కొనేటప్పుడు సెంట్లతో పాటు మిల్లీమీటర్లు కూడా అడగాలి. గుండ్రటి 30 సెంట్ల వజ్రం సుమారు 4.3 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. అదే బరువులో లోతుగా కోసిన రాయి ఇంకా చిన్నగా కనిపిస్తుంది. పాత రాయిని తూచి దాన్నిబట్టి కొత్తది కొనడం కూడా కుదరదు, ఎందుకంటే అదే సైజు అమెరికన్ డైమండ్ వజ్రం కన్నా చాలా బరువు. నా రాయి అంచు మీద సర్టిఫికెట్ నంబరు లేజర్‌తో చెక్కి ఉంది. పనికి ఇచ్చేముందు, తిరిగి తీసుకునేటప్పుడు లెన్స్‌లో ఆ నంబరు చూసుకున్నాను. ఆయన ఏమీ అనుకోలేదు, పైగా తనే చూపించారు.

ఇక వాడకం గురించి. ఓపెన్ సెట్టింగ్ పెట్టించడం చాలా మంచిదైంది. వజ్రానికి జిడ్డు ఇట్టే అంటుకుంటుంది. పప్పు తాలింపులు, తలనూనె, చేతికి రాసుకునే క్రీము, అన్నీ రాయి అడుగున చేరి మెరుపు చంపేస్తాయి. వెనక తెరిచి ఉంటే గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, మెత్తటి బ్రష్ చాలు. కుంకుడు రసంతో కడిగినా బాగానే ఉంటుంది. చపాతీ పిండి కలిపేటప్పుడు మాత్రం తీసి పక్కన పెడతాను. పిండి సందుల్లో ఎండితే వదిలించడం కష్టం, ఆ ఒత్తిడికి ప్రాంగ్స్ కూడా కదులుతాయి.

నాలుగు బదులు ఆరు ప్రాంగ్స్ పెట్టించుకున్నాను. రాయి కొంచెం కప్పేసినట్టు ఉంటుంది, నిజమే. కానీ నిరుడు ఒకటి పైకి లేచి పట్టుచీర పోగులకు తగులుకున్నప్పుడు, మిగతా అయిదూ రాయిని కదలనివ్వలేదు. నాలుగే ఉంటే ఎంత టెన్షన్ పడేదాన్నో! ఉంగరం బట్టకు పట్టుకుంటోందంటే వెంటనే చూపించాలి. చెవి దగ్గర పెట్టి వేలితో తట్టినప్పుడు టిక్ టిక్ మని చప్పుడొస్తే రాయి వదులైనట్టే. నిరుడు లేచిన ఆ ప్రాంగ్‌ని పనాయన బిగించి, పాలిష్ చేసి, కూర్చున్న చోటే ఇచ్చేశారు.

ఉంగరం కమ్మీ కూడా కాగితంలా పలచబడి ఉంటే మాత్రం ఈ పని చేయించకండి. రోజూ పెట్టుకుంటే అది వంకరపోతుంది. అలాంటప్పుడు అదే బంగారంతో మొత్తం కొత్తగా చేయించుకోవడం మేలు.